చేటెడు తవుడు

తల్లి ఒక్కతే లోపల ఉండాలి, మిగతావాళ్ళంతా వరండాలో కూచోండి అంది నర్సమ్మ. నేను వరండాలో కూచున్నాను. నా బిడ్డ లోపలున్నాడు, వాడి పక్కన మా పక్కింటి మంగాయమ్మప్ప ఉంది, తల్లిగా. నర్సమ్మ తప్పేం లేదు, ఆవిడ పద్ధతిగానే "తల్లెవరు?" అని అడిగింది. మా అత్త దేముడమ్మ మంగాయమ్మప్ప వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. నర్సమ్మ నా వైపు కూడా చూసింది, నా జాకెట్టు తడిసి ఉండడం కనిపించిందేమో, "మరి నువ్వు?" అంది. "పక్కింటిదాన్నమ్మా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఎనిమిది నెలలుగా అలవాటైన మాటే గనక ఎక్కడా తడబడలేదు. తలుపు మూసుకుంది.

అత్త ఉండలేదు. అప్పన్నబాబుకి మొక్కుకొస్తానని సింహాచలం బస్సెక్కేసింది. దేవుడి దగ్గరైతే ఆవిడకి ధైర్యం, ఈ తెల్లబట్టలవాళ్ళంటే భయం. పోతూ పోతూ నా చెవి దగ్గర నోరు పెట్టి, "నోరు జారీకు. గుంటడు మనోడు కాదు. గుర్తెట్టుకో" అంది. గుర్తు పెట్టుకోవడానికి నాకింకేముంది గనక. నా మొగుడు వరహాలు కూడా రాలేదు. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు దగ్గర మట్టిపని, ఇవాళ మానేస్తే రేపు గేటు దగ్గర ఇంకొకడు నిలబడి ఉంటాడు. "నాను రాను గానీ ఏటైతే అది కబురెట్టు" అన్నాడు బస్సు దగ్గర, పిల్లాడి మొహం మీద గుడ్డ సర్ది. ఏటైతే అది అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. రెండుసార్లు తెలుసు. బస్సు కదిలాక కూడా అతను అక్కడే నిలబడి ఉన్నాడు, పనికి ఆలస్యమవుతున్నా.

బెంచీ మీద ఇంకా కొందరున్నారు. వాళ్ళంతా ఎవరో ఒకరికి ఏదో ఒకటి అవుతారు, అమ్మమ్మలు, మేనత్తలు, తండ్రులు. ఒకళ్ళనొకళ్ళు అడిగి చెప్పుకుంటున్నారు. ఒక ముసలమ్మ నన్నూ అడిగింది, "నువ్వెవులి కోసం వచ్చినావమ్మా?" అని. "మా పక్కింటోల్ల గుంటడికి బాగునేదు, తోడొచ్చినాను" అన్నాను. "మంచిదానివే. ఈ రోజుల్లో ఎవులొత్తారు" అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కింద హార్బరు వైపు చూశాను. ఆసుపత్రి మిట్ట మీద ఉంది కాబట్టి క్రేన్లు కనిపిస్తాయి. ఓడలో ఇనుపరాయి పోస్తున్నారు, గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆ ఎర్ర దుమ్ము వచ్చి క్రోటన్ మొక్కల మీద, బెంచీ మీద, మా తలల మీద పడుతోంది. ఓడ కూసింది. లోపల వాడు ఉలిక్కిపడ్డాడా? పెద్ద చప్పుడైతే రెండు చేతులూ గాల్లోకి చాచి నా రవికె పట్టుకుంటాడు. ఉలిక్కిపడితే బాగుండును. పొద్దున్న గాజువాక దగ్గర లారీవాడు చెవులు చిల్లులు పడేలా హారను కొట్టాడు, వాడు కనురెప్ప కదపలేదు. బస్సులో మంగాయమ్మప్ప ఒళ్ళో ఉన్నాడు. నేను పక్క సీట్లో. వాడి పాదం ఒక్కటి నా వైపు వేలాడుతుంటే చల్లగా ఉందేమోనని పట్టుకున్నాను, అత్త వెనక నుంచి దగ్గింది, వదిలేశాను.

గోడ మీద ఏసుప్రభువు పటం ఉంది, గొర్రెపిల్లని ఎత్తుకున్నాడు. ఆయన్నెవరూ అడగలేదు కదా, ఈ పిల్ల నీదేనా అని. ఎత్తుకున్నవాడిదే పిల్ల. మా దగ్గర అలా కాదు. మా దగ్గర కన్నదానిది కాదు, ఎత్తుకున్నదానిది కాదు, తవుడిచ్చినదానిది. ముందు పుట్టినవాళ్ళు పోతే, తర్వాతివాణ్ణి మావాడు కాదని అమ్మేస్తే చావు వదిలేస్తుందని. పురుటి స్నానం అయిన రోజున అత్త నా ఒళ్ళోంచి వాణ్ణి తీసుకుని పాత చేటలో పడుకోబెట్టింది. వీధి గుమ్మంలోకి పోయి, "గుంటణ్ణి అమ్ముతన్నాం, కొనేవోలెవులైనా ఉన్నారా?" అని కేకేసింది, వంకాయలమ్మినట్టే. మంగాయమ్మప్ప అప్పటికే కొంగు బిగించి వచ్చి నిలబడి ఉంది. ఆవిడే ఎందుకంటే ఆవిడ కన్నవాళ్ళందరూ ఉన్నారు, ఒక్కరూ పోలేదు. మా కాలనీలో అలాంటి కడుపు ఆవిడదొక్కదానిదే, అందుకు ఆవిడ కొంచెం గర్వంగా కూడా నడుస్తుంది. ఇంకో చేటలో తవుడు తెచ్చింది. "ఈ తవుడికి ఈ గుంటడు నాకు. ఈవేల్టి నుండి నా బిడ్డ" అంది. "అట్టుకుపో" అంది అత్త. ఆవిడ వాణ్ణి తన గడప దాటించి, బొట్టు పెట్టి, మళ్ళీ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "నా గుంటడికి పాలియ్యే సీతాలూ, నీకు పున్నెముంటాది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాలి, అది కూడా పద్ధతే. తవుడికి అమ్ముడుపోయాడు గనక తవిటయ్య అన్నారు. ఆ తవుడు సాయంత్రానికల్లా మేక తినేసింది. నా కొడుకు వెల తిన్న మేక నా వైపు చూసి నెమరేస్తూ కూచుంది, నాకు దాని మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

కోపం రావలసింది మేక మీద కాదు, అది నాకూ తెలుసు. కానీ ఎవరి మీద? మొదటిది ఆడపిల్ల, పాత ఊళ్ళో పుట్టింది. ఇప్పుడు ఆ ఊరు లేదు, ఫ్యాక్టరీ గోడ లోపలికి వెళ్ళిపోయింది, మేం గోడ బయట ఈ కాలనీకి వచ్చాం. దానికి తట్టు పోసింది, అమ్మవారు వచ్చింది కాబట్టి సూదిమందు వద్దన్నారు, వేపాకులు కట్టారు, అమ్మవారు దాన్ని తీసుకునే వెళ్ళింది. రెండోవాడు ఈ కాలనీలో పుట్టాడు, ఆ వర్షాకాలం పాక లోపలా బయటా ఒకేలా ఉండేది. డొక్కలెగరేశాడు. గాజువాక వెళ్ళే బస్సు గతుకుల్లో దిగబడిపోయింది, సూదేసే డాక్టరు రెండు సూదులేసి పోయాడు, వాడు తెల్లారేదాకా కొలిమితిత్తిలా ఊపిరి లాగి లాగి ఆపేశాడు. ఇద్దరికీ నేను ఏడ్చాను. గొంతు పోయేలా ఏడ్చాను, కడుపు మీద కొట్టుకున్నాను, ఆడవాళ్ళు నా చేతులు పట్టుకుని ఆపారు. ఆ చేతులు పట్టుకోవడం ఎందుకో ఇప్పుడు గుర్తొస్తోంది. ఎంత మంది పట్టుకున్నారు! నువ్వు తల్లివి, నీ కడుపు కోత మాకు తెలుసు అన్నట్టు పట్టుకున్నారు. ఆ రోజు తర్వాత నన్నెవరూ అలా పట్టుకోలేదు.

పాలు చేపుకొచ్చాయి. రొమ్ములు రాళ్ళయిపోయాయి. వాడు నిన్న మధ్యాహ్నం నుంచి తాగలేదు, అత్త తాగనివ్వలేదు. బెంచీ చివరికి జరిగి, గోడ వైపు తిరిగి, క్రోటన్ మొక్క మొదట్లో పిండేశాను. తెల్లగా దుమ్ములోకి ఇంకిపోయింది. నాకిది కొత్త కాదు. పనిలో కూడా ఇంతే, సిమెంటు బస్తాల వెనక్కి పోయి నేల మీద పిండుకుంటాం, నేనూ, ఇంకో ఇద్దరు బాలింతలూ. మధ్యలో ఇంటికి పోయి పాలిచ్చి వస్తానంటే మేస్త్రీ నవ్వుతాడు. "ఎల్లు. ఎల్లి అక్కడే ఉండిపో" అంటాడు. తట్ట నెత్తి మీద పెట్టుకుని నడుస్తుంటే ఎక్కడో ఎవరి పిల్లో ఏడిస్తే చాలు, రవికె తడిసిపోతుంది. నేను సిమెంటుకి పాలిస్తుంటే ఇంటి దగ్గర అత్త నా కొడుక్కి సీసా పట్టేది. డబ్బాపాల పిండి తొందరగా అయిపోతుందని నీళ్ళు ఎక్కువ కలిపేది. ఆ నీళ్ళు డ్రమ్ములోవి. ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడు అందరం ఎగబడి కొట్టుకుని డ్రమ్ములు నింపుకోవడమే, మళ్ళీ అది వచ్చేదాకా అవే నీళ్ళు, పైన దోమపిల్లలు ఈదుతుంటే గుడ్డలో వడకట్టుకోవడం. పాత ఊళ్ళో మా నుయ్యి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉండేవి. ఆ నుయ్యి గోడ లోపలుంది. పూడ్చేశారో, అలాగే ఉందో, లోపల పనిచేసే వరహాలుని అడిగితే, "ఎక్కడున్నాదో గుర్తు పట్టనేకపోతన్నానే, అంతా ఒకేనాగున్నాది" అన్నాడు, తన ఊళ్ళో తనే దారి తప్పిన మనిషిలాగా.

ఫ్యాక్టరీవాళ్ళ క్వార్టర్లు కట్టేటప్పుడు ఇటుకలు మోశాను. ఒక వరస పూర్తయి ఇంజనీర్లు చేరిపోయారు, మేం పక్క వరస కడుతున్నాం. సాయంత్రం పూట ఆ అమ్మలు పిల్లల్ని ఎత్తుకుని వాకిట్లో తిరుగుతూ, నా బంగారం, నా తండ్రి, నా రాజా అని వీధంతా వినేలా పిలుచుకుంటారు. మొదట్లో నేను బెదిరి అటూ ఇటూ చూసేదాన్ని. అంత గట్టిగా అంటారేమిటి, వినేది వింటే? బుగ్గన నల్లచుక్క కూడా సరిగ్గా పెట్టరు. ఆ పిల్లలకేమీ కాలేదు. నేను పనిచేసినన్నాళ్ళూ ఆ వరసలో ఒక్క పిల్లా పోలేదు. మా కాలనీలో మాత్రం ఎండాకాలం వస్తే వరసకి ఒకటి. మా దగ్గర అమ్మేశాం, పేరు మార్చాం, ముక్కు కుట్టించాం, పెంట మీద దొర్లించాం. అక్కడ ఏమీ చెయ్యలేదు, ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, అంతే. ఇటుకల తట్ట దించి అలా చూస్తూ నిలబడ్డాను ఒకసారి. చావుకి ఆ వరస అడ్రసు తెలియదా? లేకపోతే అది కూడా మా మేస్త్రీ లాంటిదేనా, అడిగే దిక్కులేనివాళ్ళ మీదే దాని జోరంతా? అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

అయినా భయం పోలేదు, అబద్ధమెందుకు. ఎందుకంటే సన్యాసమ్మ ఉంది. పాత ఊళ్ళో మా వెనకింటిది, దాని కూతుర్నీ ఇలాగే తవుడికి అమ్మారు. పిల్ల మొదటిసారి అడుగు వేసిన రోజున సన్యాసమ్మ ఒళ్ళు మరిచి, "నా తల్లే, నా తల్లే నడిసేత్తన్నాది" అని నలుగురిలో ఎత్తి ముద్దు పెట్టుకుంది. ఆ నెలలోనే పిల్ల వాంతులూ విరేచనాలూ అయి పోయింది. ఊరంతా సన్యాసమ్మనే అంది. అది ఇప్పటికీ తల ఎత్తి మాట్లాడదు. నేను ఆ మాట తలుచుకునే ఎనిమిది నెలలు నోరు కట్టేసుకున్నాను. వాడు నవ్వితే చూడనట్టు తల తిప్పుకున్నాను. మొదటి పన్ను వస్తే నా వేలికి తగిలింది, ఎవరికీ చెప్పకుండా మంగాయమ్మప్ప దగ్గరికి తీసుకెళ్ళి, "నీ గుంటడి నోట్లో ఏటో ఉన్నాది సూడప్పా" అన్నాను. ఆవిడ వేలు పెట్టి చూసి, "ఓలమ్మో, నా కొడుక్కి పన్నొచ్చినాది!" అని గంతులేసింది. సంతోషమంతా ఆవిడ పడింది. నేను పక్కన నిలబడి, "అలాగా" అన్నాను. అలాగా! రాత్రి పక్కలో వాడి తల వాసన చూడడానికి కూడా దీపం ఆర్పాక చూసేదాన్ని. చీకట్లోనైనా పిలుద్దామంటే పిలుపు రాలేదు. వాడు నా వైపు చెయ్యి చాచి అ అ అన్నప్పుడు, నేను కాదురా నాయనా, నేను కాదు అని మనసులో అనుకునేదాన్ని.

కానీ ఈ బెంచీ మీద కూచుని లెక్క తీస్తుంటే ఇంకో సంగతి తడుతోంది. సన్యాసమ్మ కూతురు పోయిన నెలలోనే వాన నీళ్ళు నూతిలోకి దిగాయి. ఆ వీధిలో వాంతులై పోయిన పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్ళ తల్లులెవరూ ఏ మాటా అనలేదు కదా? ఇన్నేళ్ళూ సన్యాసమ్మ నోటినే తిట్టాం గానీ నూతిలోకి తొంగి చూసినవాళ్ళు లేరు. ఇది ముందే ఎందుకు తట్టలేదో. ఒంటరిగా కూచోబెడితే గానీ నాకు బుర్ర పనిచెయ్యదు కాబోలు.

నిన్న విరేచనాలు మొదలైనప్పుడు అత్త చేసినది తప్పని నేను అనలేను. ఆవిడకి తెలిసిందదే. "నీల్లు తాగతన్నాడు, నీల్లే పోతన్నాయి. తాగడం ఆపితే అయే ఆగుతాయి" అంది. వినడానికి ఎంత సబబుగా ఉంది! చిల్లు కుండలో నీళ్ళు పొయ్యడం మానేస్తాం కదా. పాలూ ఆపింది, "నీ పాలు వేడి సేసినాయి, ఎండలో మోసి మోసి ఒళ్ళు కాగిపోనాది నీకు" అంది. వాడు నా వైపు చూసి నాలుక చప్పరించాడు. నేను మంగాయమ్మప్ప వైపు చూశాను, తల్లి ఆవిడ కదా, ఆవిడ ఒప్పుకుంటే ఇద్దామని. ఆవిడ మా అత్త వైపు చూసింది, పెద్దావిడ కదా అని. ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుంటూ రాత్రంతా వాణ్ణి ఎండగట్టాం. తెల్లారేసరికి నడినెత్తి గుంటపడింది. ఏడ్చినా కన్నీళ్ళు లేవు. అప్పుడు మంగాయమ్మప్పే అరిచింది, "నా గుంటణ్ణి నాను ఆసుపత్రికి అట్టుకెల్తాను, ఎవులడ్డొత్తారో రండి" అని. ఆవిడ అరవగలిగింది, ఆవిడకా హక్కుంది. నేను ఆవిడ వెనకాల చెప్పుల్లేకుండా నడిచాను.

కిటికీ నా తల మీదే ఉంది. లోపల మాటలు వినిపిస్తున్నాయి. గ్లాసులో చెంచా కలుపుతున్న చప్పుడు. నర్సమ్మ గొంతు, విమలమ్మట పేరు, ఇందాక ఆయా పిలిచింది. "ఈ నీళ్ళు కొంచెం కొంచెం పడుతూనే ఉండాలి. పోతున్నాయని ఆపకూడదు, పోయినకొద్దీ పట్టాలి. మధ్యమధ్యలో నీ పాలు ఇవ్వమ్మా. ఇస్తున్నావా?" అంది. మంగాయమ్మప్ప గొంతు చిన్నగా, "నాకు పాలు నేవమ్మా" అంది. "ఎనిమిది నెలల పిల్లాడి తల్లికి పాలు లేవా? ఎప్పటి నుంచి?" మంగాయమ్మప్ప ఆఖరి కొడుకు బడికి పోతున్నాడు, ఎప్పటి నుంచని చెబుతుంది? "నీళ్ళు కక్కేస్తున్నాడు. తల్లిపాలైతే కడుపులో నిలిచేవి. సీసా మాత్రం వద్దు, ఆ సీసా వల్లే ఇంతదాకా వచ్చింది" అంది నర్సమ్మ. చెంచా మళ్ళీ మోగింది. కక్కిన చప్పుడు కూడా వినబడింది. చాలా చిన్న చప్పుడు, పిల్లి దగ్గినట్టు. ఆ చప్పుడు విని నా పాలు ధార కట్టాయి. నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది, చెయ్యి అడ్డం పెట్టుకుని నొక్కి పట్టుకున్నాను. ఇక్కడున్నాయిరా, గోడకి ఇటు పక్కనే ఉన్నాయిరా.

నర్సమ్మ ఏదో తేవడానికి బయటికి వచ్చినప్పుడు ఎదురెళ్ళాను. అటూ ఇటూ చెడకుండా ఒక దారి కనిపించింది నాకు. "అమ్మా, ఆ గుంటడికి నాను పాలిత్తానమ్మా. నాకున్నాయి" అన్నాను. ఆవిడ ఆగింది. "నువ్వేమవుతావన్నావు?" "పక్కింటిదాన్ని." "పక్కింటివాళ్ళ పాలు పట్టనివ్వమమ్మా, ఎవరికే జబ్బుంటుందో తెలియదు. నువ్వు మంచికే అడిగావు, కానీ తల్లయితేనే" అంది. అని వెంటనే పోలేదు. నా మొహం వైపు, నా రవికె వైపు చూస్తూ ఒక్క క్షణం నిలబడింది. ఇంకొక్క మాట కోసం నిలబడిందని నాకు అర్థమైంది. నా నోరు తెరుచుకుంది, సన్యాసమ్మ వంగిన తల కళ్ళ ముందుకొచ్చింది, మూసుకుంది. ఆవిడ వెళ్ళిపోయింది. వచ్చి మళ్ళీ బెంచీ మీద కూచున్నాను. ముసలమ్మ, "ఏటన్నాదమ్మా?" అని అడిగింది. "ఏటీ నేదు" అన్నాను.

ఆ తర్వాతే అవతలి గదిలోంచి కేక వినిపించింది. తలుపు తెరిచి ఒకాయన బయటికి వచ్చాడు, చేతుల్లో దుప్పటి మూట, మూట చాలా చిన్నది. ఒంటి మీద సముద్రపు ఉప్పు వాసన, జాలరిపేట మనిషి కాబోలు. ఆయన వెనక తల్లి, నా ఈడుదే, ఎక్కడ నడుస్తోందో తెలియకుండా నడుస్తోంది. బెంచీ మీదివాళ్ళంతా లేచి నిలబడ్డారు. "తల్లమ్మా, తల్లి, తప్పుకోండి" అన్నారు ఎవరో. దారి ఇచ్చారు. అది కూలబడిపోయి చేతులు చాచింది, ఆయన మూట దాని ఒళ్ళో పెట్టాడు. ఇందాక నన్ను మెచ్చుకున్న ముసలమ్మే పోయి దాని పక్కన చతికిలబడి, ముక్కూ మొహం తెలియని దాని చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. అది ఏడ్చింది. పేరు పెట్టి పిలిచి, నా తండ్రే, నా అయ్యే, నన్నొదిలేసి ఎలిపోనావా అని ఏడ్చింది. హార్బరు చప్పుడంతా ఆ ఏడుపు కిందికి పోయింది.

నేను నిలబడే ఉన్నాను. నాకు ఆ మూట కనిపించలేదు, ఇంకో మూట కనిపించింది. ఆ తలుపు ఇంకాసేపటికి మళ్ళీ తెరుచుకుంటుంది. నర్సమ్మ వచ్చి తల్లేది అంటుంది. మూట మంగాయమ్మప్ప ఒళ్ళో పెడతారు. తప్పుకోండి, తల్లి అంటారు, నేను కూడా తప్పుకోవాలి. ముసలమ్మ పోయి ఆవిడ చేతులు పట్టుకుంటుంది. నేనేం చెయ్యాలి? ముందు ఆవిడ ఏడవాలి, అది పద్ధతి. కొనుక్కున్న మనిషి ఏడ్చాక, పక్కింటిదాన్ని గనక కొంగు నోటికడ్డం పెట్టుకుని కొంచెం ఏడవచ్చు. ఎక్కువ ఏడిస్తే, అప్పటికి తిరిగొచ్చి ఉంటే అత్త మోచేత్తో పొడుస్తుంది. ఇంటికి వెళ్ళాక పాలు పిండుకుంటూ ఏడవాలి, అదీ దీపం ఆర్పాక. ఎవరికి భయపడి ఇదంతా? వాడు ఎలాగూ పోతే, వినేది ఎలాగూ విననే విని వాణ్ణి తీసుకుపోతే, ఈ నోరు కట్టుకున్నదంతా ఎవరి కోసం? మొదటి ఇద్దరూ పోయినా నా పిల్లలు పోయారు. వీడు పోతే నాకు పోవడానికి కూడా ఎవరూ లేరు. వాడికి ఆ తవుడు తిన్న మేక ఎంతో నేనూ అంతే. గోడకి అటుపక్క వాడు బతికే ఉన్నాడు, ఇంకా బతికే ఉన్నాడు, ఇటుపక్క నేను క్రోటన్ మొక్కకి పాలు పోస్తున్నాను. ఛీ, ఛీ అనుకున్నాను. పైకే అన్నానేమో, ముసలమ్మ తల తిప్పి చూసింది.

తలుపు దగ్గర స్టూలు మీద ఆయా ఉంది. చెయ్యి అడ్డం పెట్టింది. "ఎక్కడికెల్తావు? ఏటవుతావు నువ్వు?"

"తల్లిని."

"ఎవులికి?"

"తవిటయ్యకి. నా కొడుక్కి. నానే కన్నాను." ఇంత గొంతు నాకుందని నాకే తెలియదు. వరండా అంతా తిరిగి చూసింది. చూడనీ. వినేది ఎక్కడ నిలబడి వింటోందో దానికీ వినపడాలనే మళ్ళీ అన్నాను. "ఆడు నా బిడ్డ. నాను ఎవులికీ అమ్మనేదు." ఆయా చెయ్యి తీసేసింది.

లోపల విమలమ్మ చెంచా పట్టుకుని ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు గానీ కోపంగానే అడిగింది. "పొద్దున్న ఆవిడ తల్లన్నారు. ఇప్పుడు నువ్వంటున్నావు. పిల్లాడి ప్రాణంతో ఆటలాడుతున్నారా?"

"ఆడినామమ్మా. ఇంకాడం" అన్నాను.

మంగాయమ్మప్ప మంచం మీంచి లేచింది. ఏమంటుందో, కొన్నదాన్ని నేనంటుందో, నీ నోటితో నువ్వే చంపుకున్నావంటుందో అని చూశాను. ఆవిడ వాణ్ణి రెండు చేతులతో ఎత్తి నా ఒళ్ళో పెట్టేసింది, బరువు దించుకున్నట్టు. "ఇంతసేపా, ఒలే? నాను సెప్పీడానికి నేదు, నా బిడ్డ కాదని నానొదిలీసినాక ఆడికేటైనా అయితే ఆ పాపం నా మీదే ఉంటాది. నువ్వొత్తావని ఆ గుమ్మం కాసే సూత్తన్నాను. రావేటి, రావేటి అని సూత్తన్నాను" అంది. గోడకి అటొకతీ ఇటొకతీ కూచున్నామన్నమాట.

రవికె ముడి విప్పాను. వాడి పెదవులు ఎండి చిట్లిపోయి ఉన్నాయి. నోట్లో పెడితే పట్టే ఓపిక లేదు, తల పక్కకి వాలిపోయింది. విమలమ్మ తల వెనక చెయ్యి వేసి ఎత్తి, "పిండు, చుక్క చుక్కగా పిండు" అంది. పిండాను. పెదవి మూల నుంచి కారిపోయింది. మళ్ళీ పిండాను, అదీ కారిపోయింది. ఇంకోటి నాలుక మీద పడింది. నాలుక కదల్లేదు. మంగాయమ్మప్ప మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది. నేను వంగి వాడి చెవిలో కాదు, మొహం మీదే, అందరూ వింటుండగా, "నాన్నా, అమ్మనిరా. అమ్మొచ్చినాను" అన్నాను. ఆ మాట నా నోటికి కొత్తగా, వేరేవాళ్ళ మాటలా తగిలింది. మళ్ళీ అన్నాను, ఈసారి నాదే అయింది. ఇంకో చుక్క పిండాను. వాడి గొంతు కదిలింది. మింగాడు. కక్కుతాడేమోనని ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం, కక్కలేదు. "ఇంకో చుక్క" అంది విమలమ్మ. వాడు రేపటిదాకా ఉంటాడో లేదో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంకో చుక్క పిండాను. దాన్నీ మింగాడు. అప్పుడు ఏడ్చాను, వార్డంతా వినేలా, గొంతు పోయేలా, నా బిడ్డ కోసం, వాడు బతికి ఉండగానే.